కాలందని బండిపై అరకు యాత్ర

అరకులోయను గూర్చి ఇదివఱకు వ్రాసినవారు పెక్కురు. రైలునెక్కి సొరంగములను లెక్కపెట్టుచు పోయినవారును, కారులో పోయి కాఫీ త్రాగి వచ్చినవారును తమ యనుభవములను ముచ్చటగ వ్రాసియే యున్నారు. సోదరీమణులకు మేము విన్నవింపబోవునది వేఱొక తీరు యాత్ర. ఆ దారిలో ఏ కొండ యెంత యందముగ నున్నదో మేము వారివలె చెప్పలేము. కాని, ఏ మలుపున రోడ్డు ఏ ప్రక్కకు వాలియున్నదో, ఎచ్చట బండి నాపినచో కాలు నేలకందునో, ఎచ్చట అందదో మాత్రము కన్నులు మూసికొని చెప్పగలము. మేమెక్కిన మోటారు సైకిలు మా పొడవునకు మించినదగుటయే దీనికి కారణము.

మేమనగా తోడికోడండ్రము ఇద్దఱము. మాలో పెద్దది అయిదడుగుల ఒక అంగుళము. చిన్నది అయిదడుగులకు అరయంగుళము తక్కువ. ఆ అరయంగుళమును ఆమె నేటికిని ఒప్పుకొనదు. మా కాపురము విశాఖపట్టణమున గోపాలపట్నము వైపు. బండి మా కడపటి మఱిదిది. అతడు ఆఱడుగుల మనిషి. సరకుల ఓడలలో ఇంజనీరు. 2021లో సెలవునకు వచ్చినపుడు ముచ్చటపడి హిమాలయన్ అను బండిని కొని, నాలుగు నెలలు తిరిగి, ఓడ యెక్కి వెడలిపోయెను. పోవుచు, “వారమునకొకసారి స్టార్టు చేయుచుండుడు వదినా, లేకున్న బ్యాటరీ చచ్చును” అని మాత్రము చెప్పెను. ఆ మాటయే మా కొంప ముంచినది. వారమునకొకసారి బండిని స్టార్టు చేయువారు నాలుగవ వారమునకైనను దానిపై కూర్చుండక మానుదురా?

కూర్చున్నచో మా కాళ్లు ఉయ్యాలబల్లపైనున్న పిల్లల కాళ్లవలె వ్రేలాడినవి. ఆ బండి సీటు నేలనుండి 800 మిల్లీమీటర్ల యెత్తు. అనగా ముప్పది యొకటిన్నర అంగుళములు. మా కాళ్ల పొడవో, తొడ మొదలునుండి మడమ వఱకు పెద్దదానికి ఇరువది యెనిమిది, చిన్నదానికి ఇరువది యేడు. టేపు పెట్టి కొలుచుకొంటిమి. బండి బరువు, పెట్రోలుతో గూడ, 199 కిలోలు. బియ్యపు బస్తాలైనచో ఎనిమిది. ఎనిమిది బస్తాలను రెండు చక్రములపై నిలువబెట్టి మునివ్రేళ్లతో ఆపుట యెట్లు?

స్కూటరు కొనుక్కొనరాదా యని మమ్ము అడుగనివారు లేరు. సమాధానము రెండు విధములు. మాలో చిన్నది శృంగవరపుకోటకు అవ్వలనున్న ఒక పల్లెలో బడిపంతులమ్మ. ఉదయము బస్సు, పిదప ఆటో, పిదప నడక. సాయంకాలము ఆ వరుసయే తిరుగుముఖము. ఇంటికి చేరునప్పటికి రాత్రి యెనిమిది దాటును. అప్పటికి ఆమె నాలుగేండ్ల బిడ్డ అన్నము తినక తల్లికొఱకు కాచుకొని కాచుకొని నిద్రపోయియుండును. ఉద్యోగము మానుదునా యని ఆమె యేడ్చిన రాత్రులు మేమెఱుగుదుము. ఆ పల్లెదారి చివరి నాలుగు కిలోమీటర్లు వానకాలమున గోతులమయము. స్కూటరు చిన్నచక్రము అందు దిగబడును. ఈ బండి ముందుచక్రము 21 అంగుళములది, గోతిని దాటి పైకి వచ్చును. ఇది మొదటి సమాధానము, అందఱకును చెప్పునది. రెండవది, మాకు ఆ బండియే కావలెనని యుండెను. ఇది ఎవ్వరికిని చెప్పలేదు.

2024 శ్రావణమున మఱిది ఫోనుచేసి, తాను ఇక రెండేండ్లు ఇటు వచ్చుట లేదనియు, బండిని అమ్మివేయుడనియు చెప్పెను. వినాయకచవితి వెళ్లిన వారమునకే బేరగాడు వచ్చెను. మంచివాడే. బండి నెక్కి రెండు పాదములును నేలకు ఆనించి, అటునిటు ఊపి, మావైపు చూచి నవ్వుచు, “ఆడవారికి ఇది ఎత్తమ్మా, మీకెందుకు?” అనెను. ఆ మాటలో ఎగతాళి లేదు, ఉన్నమాటయే. అందుచేతనే మఱింత గ్రుచ్చుకొన్నది. అతడు బయానా తీయబోగా మా అత్తగారు చేయి చూపి ఆపిరి. “సంక్రాంతి వెళ్లనిండు నాయనా, అప్పుడు రండు” అనిరి. అతడు పోయిన పిదప మావైపు తిరిగి, “ఘాటురోడ్డు ఎక్కి అరకు చూచి పడక తిరిగివచ్చితిరా, బండి మీది, నేను వానితో చెప్పుకొందును. పడితిరా, పంతము వలదు; అమ్మివేయుదము” అని లోపలికి పోయిరి. మా అత్తగారు మాట ఎక్కువ చెప్పరు, చెప్పినది మార్చరు.

నాటినుండి మా పెరడు బడి యయ్యెను. ముందుగా సీటు సంగతి. మా వీథి మొగలోని సీట్ల పనివాడు స్పాంజిని మూడంగుళములు కోసివేయుదునని కత్తి పట్టెను. అట్లు కోసినచో గంటసేపటికి నడుము విఱుగును. మోకాళ్లు మడతపడి తిమ్మిరెక్కును. ఒకటిన్నర అంగుళము చాలునని చెప్పి, సీటు ముందుభాగమును సన్నము చేయించితిమి. ఎత్తు తగ్గించుటకంటె వెడల్పు తగ్గించుట మేలని పిదప తెలిసెను. వెడల్పాటి పెట్టెపై కాళ్లు చెఱియొక వైపునకు వేసి కూర్చుండి చూడుడు, పాదములు నేలకు దూరమగును. అంతే యెత్తుగల సన్నని బల్లపై కూర్చున్నచో అందును. కాలి పొడవంతయు తొడ చుట్టుదిరుగుటలోనే ఖర్చగుచున్నదన్నమాట.

వెనుక స్ప్రింగు బిగువును ఒక్కరము ఎక్కునపుడు కొంచెము సడలింతుము, ఇద్దఱ మెక్కునపుడు మరల బిగింతుము. స్ప్రింగు సడలినచో మనిషి బరువునకు బండి క్రుంగి కొంత యెత్తు తగ్గును. మెకానిక్కు ఇంకొక ఉపాయము చెప్పెను: వెనుకనున్న లంకెలను మార్చి బండినే క్రిందికి దింపవచ్చునట. దింపినచో కడుపు క్రింద రాళ్లు తగులును, స్టాండు పొడవెక్కి బండి నిలువుగ నిలిచి అవతలి ప్రక్కకు ఒఱగును, దానినిగూడ కోయింపవలెను. ఒకదానిని కోసిన వేఱొకదానిని కోయుట. కుట్టుపని తెలిసినవారికి ఈ చిక్కు క్రొత్తది గాదు. వలదంటిమి. అంగుళము మందముగల అడుగుతో బూట్లు కొంటిమి. మడమ మాత్రమే యెత్తుగానున్నవి పనికిరావు. అవి రాతిపై ప్రక్కకు మెలిపడును.

ఇంతచేసియు చిన్నదాని మునివ్రేళ్లే నేలకందినవి. అప్పుడు నేర్చుకొన్నది అసలు విద్య. రెండు కాళ్ల మునివ్రేళ్లపై నిలుచుటకంటె ఒక పాదమంతయు మోపుట మేలు. బండి ఆగుచుండగనే సీటుపైనుండి ఎడమకు ఒక జానెడు జరుగవలెను. అప్పుడు ఎడమకాలు పూర్తిగ దిగును, కుడికాలు వెనుకబ్రేకుపైననే యుండును. ఆగు క్షణమున హ్యాండిలు తిన్నగ నుండవలెను. హ్యాండిలు తిరిగియుండగ ముందుబ్రేకు నొక్కితిరా, ఆ ప్రక్కకే పడుట నిశ్చయము. మేము మూడుసార్లు పరీక్షించితిమి. (ఆ మూడును పెరటిలోనే. అత్తగారి లెక్కలో అవి చేరవు. అప్పుడు వారు గుడికి పోయియుండిరి.) ఎక్కుట గుఱ్ఱమునెక్కినట్లు: ప్రక్కస్టాండు వేసియుండగ ఎడమకాలు ఫుట్‌రెస్టుపై పెట్టి లేచి, కుడికాలు అవతలికి వేయవలెను. నేల మెత్తనిదైనచో స్టాండు దిగబడును గనుక దానిక్రింద డబ్బామూత నొకదానిని పెట్టుదుము. పాలపొడి డబ్బా మూత ఇందులకు సరిగ్గా సరిపోవును.

వీనికన్నిటికంటె పెద్ద పాఠము మా వాకిలి చెప్పెను. మా గేటువద్ద గచ్చు ఏటవాలు. తొలినాళ్లలో బండిని ముక్కు లోపలికిపెట్టి నిలిపి, మఱునాడు వెనుకకు లాగబోయి, స్తంభమునకు కట్టిన ఎద్దునువలె దానిని కదల్పలేక చెమటలు కార్చితిమి. కాలందనివారు బండిపై కూర్చుండి వెనుకకు త్రోయలేరు. నిలుపునపుడే బయటికి పోవు త్రోవ చూచుకొనవలెను. పల్లము ముందువైపునకుండునట్లు నిలిపినచో అదియే కదలివచ్చును. పొడవువారికి ఈ చింత లేదు. వారు ఎక్కడనైన ఆపుదురు, ఎటులైన త్రిప్పుదురు, నేలవైపు చూడనక్కఱలేదు. మేము చూడవలెను.

లైసెన్సు పరీక్షను అరువు తెచ్చిన ఒక చిన్నబండిపై ఇచ్చితిమి. ఎనిమిది అంకె ఆకారముగల దారిలో కాలు నేల మోపకుండ తిరుగవలెను. కాలు మోపకపోవుట మాకు అలవాటే గదా; మోపుటయే కష్టము. ఇద్దఱమును ఒకేసారి నెగ్గితిమి.

ఆ దినములలోనే 1934లో లండనునుండి బయలుదేరి, సహారా యెడారిని దాటి, 1935లో ఆఫ్రికా దక్షిణభాగముననున్న కేప్‌టౌనును చేరిన థెరీసా వాలక్, ఫ్లారెన్సు బ్లెంకిరన్ అను ఇద్దఱు స్త్రీల కథ చదివితిమి. ఒకే మోటారు సైకిలుపై ఇద్దఱు స్త్రీలు! మాకు కొండంత బలము కలిగెను. తరువాత చూడగా వారి బండికి ప్రక్కతొట్టి తగిలించియుండెను. మూడు చక్రముల బండి నిలుచుటకు ఎవ్వరి కాలును అక్కఱలేదు. ఎడారి కష్టములు వారివి, మలుపు కష్టములు మావి యని సమాధానపడితిమి.

మార్గశిరమున ఒక ఆదివారము తెల్లవాఱుజామున అయిదింటికి బయలుదేరితిమి. సల్వారు కమీజులపై దళసరి కోటులు, తలకు హెల్మెట్లు. చున్నీలు ఇంటిలోనే వదలితిమి, గొలుసులో చిక్కుకొనునేమోయని. పులిహోర పొట్లము, నీళ్లసీసా, డబ్బామూత. అత్తగారు గేటు తెఱచి, “నెమ్మదిగ” అని ఒక్కమాట అనిరి. పెద్దది నడుపగ చిన్నది వెనుక కూర్చుండెను. శృంగవరపుకోటలో మార్చుకొని, ఘాటులో మరల మార్చుకొనవలెనని ఒప్పందము. మఱియొక ఒప్పందమునుగూడ చేసికొంటిమి: ముందున్నది “దిగు” అనువఱకు వెనుకనున్నది కదలరాదు. ఇద్దఱ మెక్కినపుడు బండి క్రుంగి కాలు కొంచెము బాగుగ అందును. ఆ లాభముతోపాటు ఒక నష్టము గలదు. వెనుకనున్న మనిషి ఒక ప్రక్కకు వంగినచో ముందున్నదాని కాలు ఆ బరువును ఆపలేదు.

పెందుర్తికి ముందు పెట్రోలు బంకులో ఒక చిన్నయుపాయము దొరకెను. పంపు చుట్టును జానెడెత్తు గట్టు ఉండును. ఆ గట్టును ఎడమప్రక్కగ నుంచుకొని ఆపినచో కాలు దానిపైనే హాయిగ ఆనును. నాడు మొదలు మా కన్నులు గట్టులను వెదకుట మానలేదు. కాలిబాట అంచు, వంతెన ప్రక్కరాయి, కిలోమీటరు రాయి, టీ దుకాణము అరుగు, అన్నియు మాకొఱకే కట్టినట్లు కనబడినవి. కొత్తవలస దాటువఱకు ఎచ్చటను ఇబ్బంది లేదు. ఆ యూరినుండియే కిరందూలునకు రైలుమార్గము విడిపోవును. బైలడిల్లా కొండల ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకు 1960 దశకమున వేసిన మార్గమది. రైలు ప్రయాణికులకు కాలు మోపు పని లేదు గనుక దానిని విడిచెదము.

శృంగవరపుకోటలో ఇడ్లీలు తిని స్థానములు మార్చుకొంటిమి. కాశీపట్నము దాటినది మొదలు రోడ్డు లేవనారంభించెను. చలిగాలియు ఆకుల వాసనయు కలిసి ముక్కుకు తగులుచుండెను. చిన్నది చక్కగనే నడపెను. మన దేశమున బండ్లు ఎడమచేతివైపు పోవును గదా. రోడ్డు నడుమ ఎత్తుగను అంచులు పల్లముగను ఉండును. అందుచేత ఎడమ అంచునకు పోయి ఆపినచో ఎడమకాలికి నేల మఱియొక రెండంగుళములు క్రిందగును. మర్యాదకై పూర్తిగ ప్రక్కకు తొలగినవారికి ఇట్టి శిక్ష పడును. కావున మేము ఆపదలచిన చోట ముందుగ వేగము తగ్గించి, చేయి చూపి, చదునైన తావు కనబడినప్పుడే ఆపుచుంటిమి. లోయ బాగుగ కనబడు తావులలో చదును లేదు. చదునుగలచోట లోయ కనబడదు. దముకు వద్ద ఒక్కచోట రెండును దొరకినవి. అచ్చట నిలిచి చూచితిమి. మంచు లోయలో పాలపొంగువలె పైకి లేచుచుండెను. క్రింద మేము వచ్చిన రోడ్డు చీరయంచువలె మడతలు మడతలుగ కనబడెను. మేము ఇద్దఱమును మాటాడలేదు.

అచ్చట పెద్దది హ్యాండిలు పట్టెను. అనంతగిరి ఇంక కొంత దూరమున నున్నదనగ, తలలో దోపుకొను పిన్నువలె ఒక్కసారిగ మడతపడిన ఎడమ మలుపు ఎదురయ్యెను. మేము మలుపులో సగమునకు వచ్చునప్పటికి పైనుండి బస్సు దిగుచుండెను. కొండదారిలో ఎక్కు బండికి దారియిచ్చుట నియమమే. కాని అంత పొడవుబండి ఆ మడతలో తిరుగవలెనన్న రోడ్డంతయు కావలెను. బస్సు డ్రైవరును తప్పుపట్టలేము. పెద్దది బండి నాపెను. అలవాటు చొప్పున ఎడమకు జరిగి, ఎడమకాలు దింపెను. కాలు నేలను తాకలేదు.

ఎడమ మలుపులో రోడ్డు లోపలివైపునకు, అనగా ఎడమకు, వాలియుండును; ఆ లోపలియంచే అన్నిటికంటె నిట్రముగ ఎక్కును. పెట్రోలు బంకులో గట్టు మాకు జానెడు మేలుచేసినట్లే ఆ మలుపు జానెడు కీడుచేసినది. అదే క్షణమున వెనుకనున్న చిన్నది, కుడిప్రక్కనుండి బస్సు మీదికి వచ్చుచున్నట్లు తోచి, ఎడమకు వంగెను. ఇక ఆగునా? ఎనిమిది బస్తాలును ఒరిగినవి. ఒరుగుట ఒక హద్దు దాటిన పిదప పట్టుకొనబోవుట అవివేకము, నడుము పోవును, లేక కాలు నలుగును. ఈ ముక్కను పెరటిలోని మూడుసారులు మాకు నేర్పియున్నవి. పెద్దది హ్యాండిలు వదలి ప్రక్కకు దూకెను. చిన్నది గడ్డిలో కూర్చుండెను. బండి ఇనుపగార్డుపై వాలి, “ఇది మా తప్పుగాదు” అన్నట్లు ఇంజను ఆపుకొని ఊరకుండెను.

దెబ్బలు లేవు. మోచేతివద్ద కోటు చిరిగెను. క్లచ్చి పిడి వంగెను; చేతికవచముపై గీత పడెను. బస్సు కొంత దూరము పోయి ఆగి, మేము చేయి ఊపగ సాగిపోయెను. మేమొకరి మొగమొకరము చూచుకొంటిమి. ఇద్దఱి మనస్సులోను ఒకటే మాట: పడక తిరిగివచ్చితిరా, బండి మీది.

పడిన బండిని లేపు విధము మాకు తెలియును. ముందు తాళము త్రిప్పివేయవలెను. గేరులో నున్నచో అటులే యుండనిచ్చుట మంచిది, చక్రము దొరలదు. బండికి వీపు త్రిప్పి, పిరుదులు సీటునకు ఆనించి, ఒకచేత హ్యాండిలును ఇంకొకచేత వెనుక కమ్మిని పట్టి, నీళ్లబిందె నెత్తునపుడు వలె నడుమును తిన్నగ నుంచి, తొడలబలముతో చిన్నచిన్న అడుగులు వెనుకకు వేయవలెను. సమతలమున దీనినే మాలో ఒక్కరము చేయుదుము. ఇచ్చట బండి పల్లమువైపునకు పడియున్నది. చక్రములు ఎత్తున, హ్యాండిలు పల్లమున. ఇద్దఱము కలిసి రెండుసార్లు ప్రయత్నించితిమి. మోకాలెత్తు లేచి మరల వాలెను. అంతలో కారు నొకటి వచ్చి ఆగెను. దిగిన పెద్దమనిషి మమ్ము చూచి జాలిపడి, “ఉండండమ్మా, లేపి, ఈ మలుపు దాటించి పైన ఇచ్చెదను. మీరు నడచిరండు” అనెను. తల యూపవలెనని పెద్దదానికి తోచెను. చేతులు వణకుచున్నవి, కాదన నోరు రాలేదు.

సరిగ్గ అప్పుడే మలుపుపైనుండి నలుగురు స్త్రీలు దిగివచ్చిరి. కాఫీపండ్లు కోయుటకు పోవుచున్న అచ్చటి గిరిజన స్త్రీలు. వీపున సంచులు, ముక్కునకు మూడు ముక్కెరలు. వారిలో వారేమో మాటాడుకొని నవ్వి, సంచులు దింపి, అడుగకయే బండికి చెఱియొక తట్టున పట్టిరి. ఆ పెద్దమనిషియు ఒక చేయి వేసెను. ఒక్క ఊపున బండి లేచెను. అవతలి ప్రక్కకు పడకుండ చిన్నది కుడివైపున కాచెను. లేపుట వఱకు సరియే. ఎక్కి కదలుట యెట్లు? ఎక్కునప్పుడు ఎడమకాలికి నేల లేదు. కుడికాలు దింపినచో వెనుకబ్రేకు పోవును. ఆ నిట్రమున ముందుబ్రేకు ఒక్కదానిని నమ్మరాదు, చక్రము గులకరాళ్లపై జాఱును. పెద్దమనిషి మరల చేయి చాచెను.

ఆ నలుగురిలో వయసుమీరిన ఒకామె పెద్దదాని బూటువైపును, దాని క్రిందనున్న ఖాళీవైపును చూచెను. ఏమియు అనలేదు. రోడ్డు ప్రక్కకు పోయి, పీటంత చదునైన రాయి నొకదానిని తన వట్టికాలితో దొర్లించుకొనివచ్చి, సరిగ్గ ఆ ఖాళీలో పెట్టి, కదలకుండ మడమతో రెండుసార్లు తన్ని, “పెట్టు” అనెను.

కాలు పెట్టగ ఆనెను. మేము నెలలతరబడి సీటు కోయించి, బూట్లు కొని, స్ప్రింగు సడలించి బండిని మాయొద్దకు దింపజూచితిమి. నేలను పైకి తేవచ్చునని మాకు తోచనేలేదు. చిన్నది, “అక్కా, నేను నడచివచ్చెదను, నీవు పొమ్ము” అనెను. పెద్దది బండిని మొదటి గేరులో పెట్టి, వెనుకబ్రేకు నొక్కియుంచి, క్లచ్చిని మెల్లగ వదలి, ఇంజను లాగుచున్నట్లు తెలిసినప్పుడు బ్రేకు విడిచెను. బండి రాతిని విడిచి మలుపు దాటి పైకి పోయెను. అచ్చట చదునున ఆగి తిరిగి చూచునప్పటికి ఆ స్త్రీలు సంచులు తగిలించుకొని దిగిపోవుచుండిరి. పులిహోర పొట్లము ఇత్తమని చిన్నది వెంట పరుగెత్తెను. పెద్దామె పుచ్చుకొని వాసన చూచి మెచ్చుకొన్నదట. పెద్దమనిషి కారులో పోవుచు మావద్ద నిలిపి, “బాగుగ నడిపితిరి” అనెను. అతనికిని మా కృతజ్ఞతలు.

తరువాతి దారి త్వరగ చెప్పెదము. బొఱ్ఱా గుహలకు పోవు దారి విడిచితిమి. వానిని మునుపే చూచియుంటిమి. గాలికొండ వద్ద యువకులు కొందఱు దృశ్యము బాగుగ కనబడుటకై తమ బండ్లను ముక్కు లోయవైపు పెట్టి పల్లమున నిలిపియుంచిరి. పోవునపుడు వానిని వెనుకకు లాగుటకు ముగ్గురేసి పట్టవలసివచ్చెను. వారందఱును పొడవుగాండ్రే. మా బండి రోడ్డువైపు తిరిగి బుద్ధిగ నిలిచియుండెను. కొంచెము గర్వించితిమని ఒప్పుకొందుము. అప్పటికి ఆ గీతపడిన చేతికవచమును చిన్నది బురదతో పూసియుంచెను. సుంకరమెట్ట దారిలో సిల్వర్ ఓకు చెట్ల నీడను కాఫీ మొక్కలును, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగెలును చూడదగినవి. ఎఱ్ఱని కాఫీపండ్లు అప్పుడే పక్వమునకు వచ్చియుండెను. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పండ్లను ఒక్కొక్కటిగ ఏరి కోయు చేతులను మేము అంతకుముందే చూచి వచ్చితిమి గనుక ఆనాటి కాఫీ మాకు వేఱు రుచిగ తోచినది. లోయలో వలిసెపూల పసుపు చివరిదశలో నుండెను. సగము చేలు కోతకు సిద్ధము. ఒక చేనిగట్టు ప్రక్క, కాలు హాయిగ ఆనుచోట, బండి నిలిపి గంటసేపు కూర్చుంటిమి. పులిహోర ఇచ్చివేసితిమి గనుక అరటిపండ్లు తింటిమి.

అచ్చటనే వాదము జరిగెను. చెప్పవలెనా, చెప్పరాదా? “ఆమె పడరాదన్నది మనలను, మనము పడలేదు, బండి పడినది” అని పెద్దది తర్కము తీసెను. చిన్నది చాలసేపు వలిసెచేను చూచుచు ఊరకుండి, “ఆమెతో అబద్ధమాడి ఆ బండిపై బడికి పోలేను అక్కా” అనెను. బండి ఉండిననే ఆమె ఉద్యోగము నిలుచునని అందఱకంటె బాగుగ ఎఱిగినది ఆమెయే. పెద్దది చేతిగుడ్డ తడిపి, చేతికవచముపైనున్న బురద తుడిచెను.

దిగుట ఎక్కుటకంటె సులభము. తక్కువ గేరులో ఇంజను పట్టుమీద దిగుచు బ్రేకులను వేడెక్కనీయకుండ వచ్చితిమి. పడిన మలుపు ఇప్పుడు కుడి మలుపై, మా పాలికి వెలుపలి అంచయ్యెను. చిన్నది నడుపుచుండెను. ఆ రాయి అచ్చటనే యుండెను. రాకపోకలకు అడ్డము గదాయని ఆపి, చదునుగ నున్న వెలుపలి తావున బండి నిలిపి, పెద్దది నడచిపోయి దానిని రోడ్డు ప్రక్కకు త్రోసివచ్చెను. అది తోచినంత తేలిక గాదు. ఆ యామె ఒక్కకాలితో ఎట్లు దొర్లించెనో!

ఇల్లు చేరునప్పటికి దీపములు పెట్టు వేళ దాటెను. అత్తగారు గేటువద్దనే యుండిరి. బిడ్డ ఆమె చంకలో మేలుకొనియేయున్నాడు. మేము నోరు తెఱచునంతలోనే ఆమె బండి చుట్టును ఒకసారి తిరిగి, వంగిన క్లచ్చి పిడిని వ్రేలితో తాకిరి.

“ఏ ప్రక్కకు పడినది?” అని అడిగిరి.

“ఎడమ ప్రక్కకు” అంటిమి. ఆపైన జరిగినదంతయు, మలుపును, బస్సును, కాఫీతోట స్త్రీలను, రాతిని, ఒకరి మాటకొకరము అడ్డుపడుచు చెప్పితిమి. ఆమె విని, “అన్నము చల్లారుచున్నది” అని లోపలికి పోయిరి. ఆ రాత్రి ఇంకొక మాట లేదు. మాకు నిద్రయు లేదు.

తెల్లవాఱి చిన్నది బడికి పోవుటకు లేచి వాకిట చూచునప్పటికి, గేటుముందరి ఏటవాలు గచ్చున, బండికి ఎడమప్రక్కగ, నూతివద్ద ఏండ్లతరబడి పడియున్న బట్టలుతుకు బండ వచ్చి చేరియుండెను. దాని క్రింద రెండు ఇటుకముక్కలు, కదలకుండ. పాలవాని సాయముతో తెచ్చినట్లు తరువాత తెలిసెను. చిన్నది ఆ బండపై కాలు పెట్టి బండి నెక్కెను.

సంక్రాంతి వెళ్లిన నాలుగవ నాడు బేరగాడు వచ్చి, చెప్పులు విప్పుటకు ఆ బండపైననే కూర్చుండెను. అత్తగారు మంచినీళ్లిచ్చి, “బండి ఇంటలేదు నాయనా, కోడలు బడికి తీసికొనిపోయినది” అనిరి.